నాన్నగారికి చిన్న ఎఫ్ ఎందుకు?

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

నేను టీచర్ని కాను. మండలాఫీసు ఎదురుగా జిరాక్స్, డీటీపీ కొట్టు పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా టైపు కొట్టుకుంటున్నవాణ్ణి. మీ దగ్గర పది పాసైన పిల్లలకి తర్వాత ఎప్పుడైనా ఇంగ్లీషులో ఒక కాగితం రాయాల్సి వస్తే, చివరికి వచ్చి నిలబడేది నా కుర్చీ పక్కనే. టీసీ కోసం ప్రిన్సిపాల్‌కి అర్జీ, ఏటీఎం కార్డు పోయిందని బ్యాంకుకి లెటరు, రెజ్యూమె, స్కాలర్‌షిప్ పడలేదని ఫిర్యాదు. వాళ్లు తెల్లకాగితం మీద రాసుకొస్తారు, నేను చూసి కొడతాను. అంటే మీరు ఒకసారి దిద్దిన రాతని నేను ఇంకోసారి దిద్దుతున్నాను. మీకు నెలకి జీతం, నాకు పేజీకి ఇరవై రూపాయలు.

స్పెల్లింగు తప్పులు ఈమధ్య బాగా తగ్గాయి, ఫోను పుణ్యం. గ్రామరు జోలికి నేను పోను, నాదే అంతంతమాత్రం. ఈ లేఖంతా ఒక్క విషయం గురించే. ఇంగ్లీషులో ఏ అక్షరం పెద్దది రాయాలి, ఏది చిన్నది రాయాలి అన్నది. మా చిన్నప్పుడు పెద్ద బడి, చిన్న బడి అనేవాళ్లు. ఇప్పుడు ఎల్‌కేజీ నుంచే క్యాపిటల్, స్మాల్ అంటున్నారు. పేరు మారింది గాని తప్పు మా రోజుల్లో ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది.

మొన్న ఒక డిగ్రీ అమ్మాయి రెజ్యూమె రాసుకొచ్చింది. ముత్యాల్లాంటి రాత. అందులో నాకు ఫలానా సబ్జెక్టులు ఇష్టం అని ఒక వాక్యం. మ్యాథ్స్‌కి పెద్ద ఎమ్, ఫిజిక్స్‌కి పెద్ద పి, తెలుగుకి చిన్న టి. కింద తనకు వచ్చిన భాషలు రాసిన చోట కూడా తెలుగు, ఇంగ్లీషు, హిందీ మూడూ చిన్న అక్షరాలతోనే మొదలయ్యాయి. సరిగ్గా తిరగేసి రాసింది. వాక్యంలో లెక్కలు, భౌతికశాస్త్రం లాంటివి వస్తే ఇంగ్లీషువాళ్లు చిన్న అక్షరంతో సరిపెడతారు. భాష పేరైతే ఎక్కడొచ్చినా పెద్ద అక్షరమే.

"అమ్మా, తెలుగుకి టి పెద్దది రావాలి" అన్నాను.

"అదెందుకంకుల్? తెలుగు మామూలే కదా" అంది.

మాతృభాష మీద చిన్నచూపుతో అన్నమాట కాదది. పాపం, ఇంట్లో మాట్లాడేదే, బళ్లో ఏ టెన్షనూ లేకుండా పాసయ్యేదే, దానికి పెద్ద అక్షరం ఎందుకని నిజంగానే అడిగింది. నేను దిద్ది ప్రింటు తీసిచ్చాను గాని ఆ జవాబు నాలుగు రోజులు నా బుర్రలో తిరిగింది.

దానికి జత కలిసింది ఇంకో సంగతి. పొలం సర్వేలో హద్దులు తప్పుపడ్డాయని ఒక పెద్దాయన కలెక్టరుగారికి అర్జీ కొట్టించుకోడానికి వచ్చాడు. మనవడి చేత రాయించుకొచ్చాడు. తను చదివింది ఐదో తరగతే అయినా పెద్ద బడి, చిన్న బడి గుర్తుపట్టగలడు. నేను కొడుతుంటే స్క్రీను మీద వేలుపెట్టి ఆపాడు.

"ఒరే అబ్బాయ్, ఇక్కడ సార్ అన్నమాట చిన్నగా కొట్టావేంటి? పైన పెద్దగానే కొట్టావుగా."

"పైన పిలుపు కదా బాబాయ్ గారూ, అందుకని పెద్ద ఎస్. మధ్యలో వాక్యంలోకి వచ్చాక చిన్నదే రాస్తారు."

"పైన ఇచ్చిన మర్యాద మధ్యలోకొచ్చేసరికి తగ్గిపోద్దా? నా పని చెడగొట్టకు. అన్నీ పెద్దవే కొట్టు."

కొట్టాను. అర్జీ ఆయనది, డబ్బులు ఆయనవి. కానీ ఆయన వెళ్లాక కూర్చుని ఆలోచిస్తే విషయం వెలిగింది. మన పిల్లలు రూల్సు మర్చిపోయి తప్పులు రాయడం లేదు. వాళ్ల దగ్గర ఒక రూలు ఉంది, దాన్నే గట్టిగా పట్టుకుని రాస్తున్నారు. పెద్ద అక్షరమంటే పెద్దరికం అన్నది ఆ రూలు. తెలుగులో మనం పేరు వెనక గారు తగిలిస్తాం, వచ్చాడు అనకుండా వచ్చారు అంటాం. ఇంగ్లీషులో గారూ లేదు, వచ్చారూ లేదు. ఆ లోటు పూడ్చుకోడానికి చేతికి దొరికింది పెద్ద బడి. అందుకే సెలవు చీటీలో ఫాదర్‌కి పెద్ద ఎఫ్, మ్యారేజ్‌కి పెద్ద ఎమ్, ఆఖరికి ఫీవర్‌కి కూడా పెద్ద ఎఫ్. జ్వరమంటే మాటలా మరి, సెలవు ఇప్పించేది అదే. లెక్కలు కష్టం కాబట్టి వాటికి పెద్ద అక్షరం, తెలుగు తేలిక కాబట్టి చిన్నది. ఈ లెక్కన ఆ అమ్మాయి రెజ్యూమెలో ఒక్క తప్పూ లేదు.

అందువల్ల మీకు నా మనవి ఇది. వాక్యం మొదట్లో పెద్దది, మనిషి పేరుకి పెద్దది, ఊరి పేరుకి పెద్దది, నెలలకీ వారాలకీ పెద్దది అని మీరు బోర్డు మీద రాయించే జాబితాకి ముందు ఒక పీరియడ్ ఖర్చుపెట్టి, పెద్ద అక్షరం గౌరవ చిహ్నం కాదని చెప్పండి. ఆ మాట ఎవరూ చెప్పగా నేను వినలేదు. నాకైతే ఎవరూ చెప్పలేదు.

ఎలా చెప్పాలి అంటారా? తెలుగులోంచే చెప్పొచ్చు. బోర్డు మీద తెలుగులో "మా ఇంట్లో శాంతి లేదు" అని రాయండి. దీనర్థం ఏంటని అడగండి. సగం మంది ఇంట్లో గొడవలంటారు, సగం మంది శాంతి అనే అమ్మాయి బయటికెళ్లిందంటారు. క్లాసులో ఆ పేరున్న అమ్మాయి ఉంటే ఇంకా బాగుంటుంది. "రాజు వచ్చాడు" కూడా అంతే, కిరీటం ఉన్నాయనా, పక్కింటి కుర్రాడా? "జ్యోతి ఆరిపోయింది" అని మాత్రం రాయకండి, ఎవరి తల్లిదండ్రులైనా గొడవకి వస్తారు. మన లిపిలో ఈ తేడా చూపించే గుర్తు లేదు, ముందూ వెనకా చూసి మనమే అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషులో ఆ గుర్తు ఉంది, అదే పెద్ద అక్షరం. అది మొదట్లో ఉంటే శాంతి ఒక మనిషి, రాజు ఒక కుర్రాడు. ఇది గొప్పది అని కాదు దాని అర్థం, ఇది పేరు అని. తెలుగు అన్నది ఒక భాష పేరు కాబట్టి పెద్ద టి. లెక్కలు ఎవరి పేరూ కాదు కాబట్టి చిన్న ఎమ్.

ఇలా చెబితే ఫాదర్ చిక్కు కూడా విడిపోతుంది. "మా నాన్న రైతు" అన్నప్పుడు నాన్న అనేది చుట్టరికం, పేరు కాదు. ఎవరి నాన్నయినా నాన్నే. అందుకే మై వచ్చిందంటే వెనక ఫాదర్‌కి చిన్న ఎఫ్. "నాన్నా, ఇటు రా" అని పిలిస్తే, మై లేకుండా "నాన్న ఊరెళ్లాడు" అంటే, అప్పుడది ఆయనకి పేరులాగే పనిచేస్తోంది, పెద్ద ఎఫ్. కలెక్టరుదీ ఇదే కథ. పేరుకి ముందు తగిలిస్తే పెద్ద సి. ఊరికే కలెక్టరు వచ్చి వెళ్లారు అంటే చాలా పత్రికలు చిన్న సి వాడతాయి. సర్కారు కాగితాల్లో మాత్రం హోదాలన్నిటికీ పెద్ద అక్షరమే వేస్తారు, అది వాళ్ల పద్ధతి. ఇక్కడ పిల్లల్ని మరీ విసిగించాల్సిన పని లేదు.

అన్నిటికంటే తమాషా నేను అనే మాట. ఇంగ్లీషులో దానికి ఎప్పుడూ పెద్ద ఐ. మన గౌరవం లెక్కలో చూస్తే ఇంతకంటే పొగరు ఉండదు. ఎదుటివాణ్ణి చిన్న అక్షరంతో రాసి, నన్ను మాత్రం పెద్ద అక్షరంతో రాసుకోవడమా! జర్మన్లు దీనికి ఉల్టా, మర్యాదగా అనే మీరుకి పెద్ద అక్షరం, నేనుకి చిన్నది. చూస్తే మన చుట్టాల్లా ఉన్నారు. అర్జీల్లో చిన్న ఐ రాసేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు, వినయం కాబోలు అనుకునేవాణ్ణి. అసలు సంగతి పొగరూ కాదు, వినయమూ కాదు. పాత ఇంగ్లీషులో నేను అంటే రెండక్షరాల మాట, పలికితే ఇచ్ లాగా ఉండేది. వెనక అక్షరం కాలక్రమంలో రాలిపోయి ఒంటరి ఐ మిగిలింది. అప్పటి చేతిరాత ప్రతుల్లో ఆ ఒక్క నిలువు గీత పక్కనున్న ఎన్, ఎమ్, యు గీతల్లో కలిసిపోయి కనపడేది కాదు. కనపడాలని కొంచెం పొడుగ్గా గీశారు. ఆ పొడుగే స్థిరపడింది. చెబితే పిల్లలు ఇక జన్మలో మర్చిపోరు, రూలుగా చెబితే శనివారానికి మర్చిపోతారు.

పాత కథలు పిల్లలకెందుకు అంటారేమో. నిజానికి ఈ తప్పుల్లో సగం ఒకప్పుడు తప్పులు కానే కావు. రోమన్లకి మొదట్లో ఉన్నవన్నీ పెద్ద అక్షరాలే, రాతి మీద ఉలితో చెక్కినవి. రోమ్‌లో ట్రాజన్ చక్రవర్తి స్తంభం మీద క్రీ.శ. 113 నాటి శాసనం ఉంది, అందులో ఒక్క చిన్న అక్షరం ఉండదు. కలంతో తోలు మీద వేగంగా రాసేకొద్దీ అక్షరాలు గుండ్రబడ్డాయి. 8వ శతాబ్దం చివర ఐరోపాలో షార్లమేన్ అనే రాజు ఏలుబడిలో ఆ గుండ్రటి రాతని ఒక పద్ధతికి తెచ్చారు, ఇప్పటి చిన్న అక్షరాలకి అదే తాత. తర్వాత రెండు రకాలూ కలిపి వాడుకలోకి వచ్చాయి. అచ్చు వచ్చాక సీసపు అక్షరాలని రెండు చెక్క అరల్లో పెట్టుకునేవాళ్లు, పై అరలో పెద్దవి, కింది అరలో చిన్నవి. అప్పర్ కేస్, లోయర్ కేస్ అంటున్నాం చూడండి, అవి ఆ అరలే. క్యాపిటల్ అన్న మాటకి మూలం లాటిన్‌లో తల. మన అక్షరాల్లో చాలావాటికి తలకట్టు ఉన్నట్టు, వాళ్లకి వాక్యానికి ఒక తల. ఊళ్లలో క్యాపిటల్‌కీ ఇదే మూలం. అయితే క్యాపిటల్ ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక తంటాలు పడటం ఆంధ్రావాళ్లకి కొత్తేం కాదు లెండి.

ఆ తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం. 17, 18 శతాబ్దాల్లో ఇంగ్లీషువాళ్లే వాక్యం మధ్యలో నామవాచకాలకి పెద్ద అక్షరాలు ధారాళంగా వాడేవాళ్లు. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి వాక్యంలోనే ప్రజలు, న్యాయం, ఐక్యత అన్న మాటలన్నిటికీ పెద్ద అక్షరాలు ఉంటాయి. జర్మన్‌లో ఈరోజుకీ ప్రతి నామవాచకానికీ పెద్ద అక్షరమే. డేన్‌మార్క్‌వాళ్లు ఆ అలవాటు 1948లో మానేశారు. మీ విద్యార్థి ఫీవర్‌కి పెద్ద ఎఫ్ రాశాడంటే బుర్ర లేక కాదు, రెండు మూడు వందల ఏళ్లు ఆలస్యంగా పుట్టాడంతే. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టే ముందు ఈ మాట ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇంకో రకం తప్పు ఉంది, అది అసలు క్యాపిటల్ తప్పే కాదు. మాట మధ్యలో హఠాత్తుగా పెద్ద డి, పెద్ద బి వస్తాయి. గుడ్ అని రాసి చివర పెద్ద డి. బేబీలో మధ్య బి పెద్దది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒకరోజు ఒక ఏడో తరగతి కుర్రాడు నా ఎదురుగా కూర్చుని రాస్తుంటే చూశాను. డి దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. పొట్ట ఎడమవైపా, కుడివైపా? గాల్లో వేలితో ఒకసారి గీసుకున్నాడు. తేలలేదు. పెద్ద డి రాసేసి ముందుకెళ్లాడు. చిన్న బడిలో బి, డి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, పెద్ద బడిలో ఆ గొడవ లేదు. వాడు తెలివిగా తప్పించుకున్నాడు. ఆ పిల్లాడికి క్యాపిటల్ రూల్సు వందసార్లు రాయిస్తే ఏం లాభం? నాలుగు గీతల కాపీ పుస్తకంలో ఆ రెండక్షరాలు నాలుగు రోజులు దిద్దిస్తే సరిపోయేది.

ఇక అన్నీ పెద్ద అక్షరాల్లోనే రాసే జబ్బు గురించి. ఇందులో నేనే పాత రోగిని. హైస్కూల్లో మా మాస్టారు బోర్డు మీద నమూనా లెటర్లన్నీ పెద్ద అక్షరాల్లోనే రాసేవారు, వెనక బెంచీకి కనపడాలని. మేమూ అలాగే ఎక్కించుకున్నాం. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగానికి అప్లికేషన్ నేనే టైపు చేసుకుని పట్టుకెళ్లాను, పేజీన్నర, మొదటి అక్షరం నుంచి చివరిదాకా క్యాప్స్ లాక్. దర్జాగా ఉంటుందనుకున్నాను. మేనేజరు కాగితం చూసి, నా మొహం చూసి, "నా మీద ఎందుకయ్యా అంత అరుస్తున్నావ్?" అన్నాడు. నేను నోరు విప్పితే కదా. చాలా ఏళ్ల తర్వాత ఈ మెయిళ్లు అలవాటయ్యాక తెలిసింది, అన్నీ పెద్ద అక్షరాల్లో కొడితే గట్టిగా అరిచినట్టు లెక్కట. ఉద్యోగం రాలేదు, కొట్టు పెట్టుకున్నాను. దానికి కారణం అదొక్కటే అని చెప్పను గాని అదీ ఉంది.

వెనక బెంచీ సంగతి కూడా నిజానికి అటుదిటు. 1950ల చివర, 1960ల మొదట్లో బ్రిటన్‌లో రోడ్ల పక్క బోర్డులు కొత్తగా వేసినప్పుడు జాక్ కినీర్, మార్గరెట్ కాల్వర్ట్ అనే ఇద్దరు డిజైనర్లు ఊళ్ల పేర్లకి మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి పెట్టారు. వేగంగా కారులో పోతూ దూరం నుంచి చదవాలి కాబట్టే అలా పెట్టారు. చిన్న అక్షరాల్లో కొన్నిటికి పైకి తోక, కొన్నిటికి కిందికి తోక ఉంటాయి, మాటకి ఒక ఆకారం వస్తుంది. అన్నీ పెద్దవైతే ప్రతి మాటా ఇటుకల గోడే. కాబట్టి దయచేసి బోర్డు మీద డేటు, సబ్జెక్టు, పాఠం పేరు, నమూనా లెటరు అన్నీ పెద్ద బడిలో నింపకండి. పిల్లలు మీరు చెప్పిన రూలు కంటే మీరు రాసిన బోర్డునే ఎక్కువ చూస్తారు.

ఫారాల్లో పెద్ద అక్షరాల్లో నింపండి అని ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, దానికి వేరే కారణం ఉంది. గడికి ఒక్క అక్షరం చొప్పున రాయించడానికి, కలిపిరాత చదవలేని గుమాస్తా తప్పు ఎక్కించకుండా ఉండటానికి పెట్టిన ఏర్పాటది. పాన్ కార్డు ఫారమైనా, బ్యాంకు ఖాతా ఫారమైనా అంతే. ఆ ఒక్క సందర్భానికి పెట్టిన పద్ధతిని మనవాళ్లు ఇంగ్లీషులో మర్యాదగా రాసే తీరు ఇదేనని అనుకున్నారు. ఫారం వేరు, లెటరు వేరు అని ఒక్క ముక్క చెబితే నాకు సగం పని తగ్గుతుంది. నాకు గిరాకీ కూడా తగ్గుతుంది, అయినా ఫర్వాలేదు.

కంప్యూటర్ దిద్దుకుంటుంది కదా అనే ధీమా కూడా వద్దు. వర్డ్‌లో షిఫ్టు నొక్కి ఎఫ్3 కొడితే మొత్తం పెద్ద అక్షరాల మ్యాటరు కూడా క్షణంలో వాక్యాల పద్ధతికి వస్తుంది. నేను రోజూ వాడేదే. కానీ అది వాక్యం మొదటి అక్షరం ఒక్కటే పెద్దది ఉంచి మిగతావన్నీ చిన్నవి చేసేస్తుంది. ఖమ్మం చిన్నదైపోతుంది, కావలి చిన్నదైపోతుంది, అర్జీదారు ఇంటిపేరుతో సహా చిన్నదైపోతుంది. ఏది పేరో ఏది కాదో దానికి తెలియదు. మళ్లీ నేనే ఒక్కో పేరూ వెతుక్కుంటూ దిద్దాలి. ఫోను ఇంకో రకం. ప్రతి చుక్క తర్వాతా తనంతట తనే పెద్ద అక్షరం వేసేస్తుంది, డోర్ నంబర్‌లో చుక్క పెట్టినా సరే. యూజర్ ఐడీ మొదటి అక్షరం కూడా పెద్దది చేసి, లాగిన్ కావట్లేదని హాల్‌టికెట్ రోజున పిల్లలు నా కొట్టులో ఏడ్చే పరిస్థితి తెస్తుంది. ఫోను చేతిలో ఉన్నంతసేపూ వాళ్ల తప్పు బయటపడదు, పెన్ను పట్టుకోగానే బయటపడుతుంది. మీరు పరీక్షలు పెట్టేది పెన్నుతోనే కదా.

ఒక్క సంతోషం ఏంటంటే, ఇదే పిల్లలు ఒక చోట పెద్ద, చిన్న తేడా అస్సలు తప్పరు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే లేఖినిలో కళ్లు అని రావాలంటే పెద్ద ఎల్ రెండుసార్లు కొట్టాలి. చిన్న ఎల్ కొడితే వచ్చేది కల్లు. "నాకు కల్లు నొప్పిగా ఉంది" అని వస్తే ఎవడైనా నవ్వుతాడు, ఆ భయానికి ఒక్కరోజులో నేర్చేసుకుంటారు. చిన్న టి కొడితే త, పెద్ద టి కొడితే ట. ఎందుకో తెలిసింది, తప్పితే ఏమవుతుందో కళ్లెదుటే కనపడింది, అంతే.

ఇంగ్లీషులోనూ అలాంటివి ఉన్నాయి, మీకు నేను చెప్పక్కర్లేదు. చైనాకి చిన్న సి వేస్తే దేశం కాస్తా పింగాణీ గిన్నె అయిపోతుంది. మార్చి నెలకి చిన్న ఎమ్ వేస్తే కవాతు. సైన్సు టీచర్లని కూడా కలుపుకోండి. శ్రీశైలం కుడిగట్టు పవర్‌హౌస్ సామర్థ్యం 770 మెగావాట్లు. మెగాకి పెద్ద ఎమ్ బదులు చిన్న ఎమ్ రాస్తే అది మిల్లీ అవుతుంది, వంద కోట్ల రెట్లు పడిపోతుంది, ఆ కరెంటు ఒక చిన్న టార్చిలైట్ బల్బుకి సరి. కిలోకి ఎప్పుడూ చిన్న కె, పెద్ద కె రాస్తే ఉష్ణోగ్రత కొలిచే కెల్విన్. మన బియ్యం బస్తాల మీద, రైతు బజారు బోర్డుల మీద ఎలా ఉంటుందో చూశారు కదా. వాట్‌కి పెద్ద డబ్ల్యూ ఎందుకంటే జేమ్స్ వాట్ అనే మనిషి పేరు మీద వచ్చింది కాబట్టి. అదే వాట్ అని పూర్తిగా రాస్తే మళ్లీ చిన్న అక్షరమే, ఇదొక పేచీ. వృక్షశాస్త్రంలో వేపచెట్టు పేరు అజాడిరక్టా ఇండికా. మొదటి మాటకి పెద్ద అక్షరం, రెండోదానికి చిన్నది. ఇండికా అంటే భారతదేశానిది అని అర్థమైనా సరే, జాతి పేరు కాబట్టి చిన్న ఐ. ఇంగ్లీషు పీరియడ్‌లో ఇండియాకి చిన్న ఐ రాసి మార్కు పోగొట్టుకున్న పిల్లాడు, తర్వాతి పీరియడ్‌లో ఇండికాకి పెద్ద ఐ రాసి ఇంకో మార్కు పోగొట్టుకుంటాడు. వాడికి మీరిద్దరూ కలిసి ఒక్కసారి చెప్పండి, ఏ పీరియడ్‌లో ఎవరి పద్ధతో.

లెటరు చివర రాసే యువర్స్ ఫెయిత్‌ఫుల్లీలో వై మాత్రమే పెద్దది, ఎఫ్ చిన్నది. ఈ ఒక్కటీ సరిగ్గా రాసిన కాగితం నా దగ్గరికి ఏడాదికి పది రావు. విధేయత ఎక్కువై పెద్ద ఎఫ్ వేస్తారు.

జూన్‌లో బడులు తెరుస్తారు కదా. మొదటి వారంలో పుస్తకాలు పూర్తిగా రావు, టైంటేబుల్ కుదరదు, ఎలాగూ ఖాళీ ఉంటుంది. అప్పుడు ఆ శాంతి వాక్యం బోర్డు మీద రాసి చూడండి. మీకు నమూనాలు కావాలంటే నా దగ్గర ఇరవై రెండేళ్ల సరుకు ఉంది. పేర్లు, ఫోన్ నంబర్లు, సంతకాలు కొట్టేసి జిరాక్సులు తీసిస్తాను, డబ్బులొద్దు. పిల్లల చేత దిద్దించండి. ఎవరి తప్పో తెలియని కాగితమైతే వాళ్లు భలే ఉత్సాహంగా దిద్దుతారు, నేను మా అబ్బాయి మీద చేసి చూశాను.

ఆ డిగ్రీ అమ్మాయి పోయిన వారం మళ్లీ వచ్చింది, ఈసారి ఏదో స్కూల్లో టీచర్ ఉద్యోగానికి లెటరు రాసుకుని. నా మాతృభాష తెలుగు అని ఒక వాక్యం ఉంది. తెలుగుకి టి చక్కగా పెద్దది వేసింది. దాంతోపాటు మాతృభాష అనే మాటకి కూడా పెద్ద ఎమ్ వేసింది.

"ఇదెందుకమ్మా పెద్దది?" అన్నాను.

"మదర్ కదా అంకుల్" అంది.

ఇట్లు,
మండలాఫీసు ఎదుటి జిరాక్స్ కొట్టువాడు